కాలి వేళ్ల దగ్గర మొదలైంది

ఆ రోజు ఉదయం తేడాని ముందు కనిపెట్టింది మా నాన్న. రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక పాత క్లబ్బు ఉంది. అక్కడి ఎర్రమట్టి టెన్నిస్ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. నాన్న అవతలి వైపు నిలబడి నెట్టుకి దగ్గరగా ఒక డ్రాప్ షాట్ వేశాడు. రోజూ అందుకునే బంతే అది. పరిగెత్తాను. నేను చేరేసరికి బంతి రెండోసారి కూడా నేలకి తగిలి ఆగిపోతోంది.

"ఏంటమ్మా, అడుగు లేటవుతోంది?" అన్నాడు నాన్న.

"కొత్త బూట్లు నాన్నా. ఇంకా అలవాటు కాలేదు."

బూట్లు కొత్తవన్న మాట నిజమే. కానీ నిద్ర లేచినప్పటి నుంచీ రెండు కాళ్ల వేళ్లలోనూ చీమలు పాకుతున్నట్టుగా ఉంది. సర్వ్ చేసేటప్పుడు మునివేళ్ల మీద లేవాలి కదా, లేస్తుంటే కింద మట్టికి బదులు పరుపు ఉన్నట్టు మెత్తగా తగులుతోంది. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. ఇంకో అరగంట ఆడి, ఎండెక్కిందని చెప్పి ఇంటికొచ్చేశాను.

అప్పటికి నాకు ఇరవై అయిదేళ్లు. ప్రొఫెషనల్‌గా ఆడటం మొదలుపెట్టి ఏడేళ్లయింది. రెండు టోర్నమెంట్ల మధ్య పది రోజులు ఖాళీ దొరికితే ఇంటికొచ్చాను. అంతకు రెండు వారాల ముందు, బయట దేశంలో ఆడుతున్నప్పుడు, తిన్నదేదో పడక మూడు రోజులు లూజ్ మోషన్స్ అయ్యాయి. తగ్గిపోయాయి, మర్చిపోయాను. ఆ విరేచనాలకీ ఈ చీమలకీ సంబంధం ఉందని ఆ రోజు ఎవరైనా చెప్పుంటే నవ్వేసేదాన్ని.

నా పేరు సత్యవేణి. మా నాన్న వీర్రాజు ఆ క్లబ్బులో మార్కరు. అంటే కోర్టుకి నీళ్లు కొట్టి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేసి, నెట్టు కట్టి, ఆడటానికి వచ్చిన మెంబర్లకి జోడీ లేకపోతే తనే ఎదురు నిలబడి ఆడే మనిషి. మా తాతలందరూ వలలు పట్టుకుని గోదావరి మీద బతికినవాళ్లు. నాన్న ఒక్కడే ఒడ్డెక్కాడు. అమ్మ మంగ మాత్రం చేపల బుట్ట వదల్లేదు. మార్కెట్లో ఆవిడకో చోటుంది, ఇప్పటికీ అది మంగమ్మ చోటే అంటారు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు క్లబ్బులో ఒక డాక్టరు గారు తీగలు తెగిన రాకెట్టు పారేయబోతే నాన్న అడిగి తెచ్చాడు. తీగలు బిగించి, పిడి పొడవెక్కువైందని రంపంతో కోసి, సైకిల్ ట్యూబు చుట్టి నా చేతికిచ్చాడు. మెంబర్లు వచ్చేది ఆరున్నరకి. మేమిద్దరం అయిదింటికే వెళ్లేవాళ్లం. తడిమట్టి వాసన, పక్కనే గోదావరి మీంచి వచ్చే చల్లగాలి, నాన్న "మోకాలు వంచు, వంచమ్మా" అని పాడినట్టుగా అనే మాట. ఇప్పుడు తల్చుకుంటే నా ఆటంతా ఆ గంటన్నరలోనే ఉందనిపిస్తుంది. తర్వాత నేర్చుకున్నదంతా దాని మీద వేసిన సున్నం గీతే.

టోర్నమెంట్లకి అమ్మ వచ్చేది. నాన్నకి సెలవుండేది కాదు. అమ్మకి చదువు రాదు. నోటీసు బోర్డు మీద డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో రాసిన కాగితం, అంటిస్తే దాని ముందు నిలబడి నా పేరు ఎక్కడుందో ఆకారాన్ని బట్టి పట్టేసేది. "ఇదిగో, చివర కొక్కెం ఉన్నది నీదే కదా?" అనేది. ఒకసారి విజయవాడలో తోటి పిల్లల తల్లులు అమ్మ పక్క కుర్చీలోంచి లేచి అవతలికి వెళ్లి కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ తన చీర కొంగు వాసన చూసుకుని, "మార్కెట్ నించి తిన్నగా వచ్చాం కదే, వస్తది మరి. వాళ్ల పిల్లతో ఆడేది నువ్వు గాని నా చీర కాదుగా, వెళ్లి ఆడు" అంది. ఆ మ్యాచ్ గెలిచాను.

పద్దెనిమిదేళ్లకి ప్రొఫెషనల్ సర్క్యూట్‌లోకి వెళ్లాను. టీవీలో కనిపించే టెన్నిస్ అనుకోకండి. అంతకంటే చాలా కింద మెట్టు అది. థాయ్‌లాండ్, ఉజ్బెకిస్తాన్, ఈజిప్టు. పేరు తెలియని ఊళ్లు. స్టాండ్స్‌లో నలుగురుంటే ఎక్కువ. విశాఖపట్నం నుంచి వచ్చిన రజని నా డబుల్స్ పార్ట్‌నర్. ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. బాత్రూములో బట్టలుతికి ఫ్యాను కింద ఆరేసుకుని, చిన్న కుక్కర్లో అన్నం వండుకుని, అమ్మ కట్టిచ్చిన ఎండురొయ్యల పొడి కలుపుకుని తినేవాళ్లం. కారిడార్ అంతా ఆ వాసన. మిగతా దేశాల పిల్లలు తలుపు కొట్టి ఏంటది అని అడిగేవాళ్లు. మేమూ కాస్త పెట్టేవాళ్లం. సింగిల్స్‌లో నా ర్యాంకు ఎప్పుడూ నాలుగొందల పైన్నే తిరిగింది. డబుల్స్‌లో ఇంకా మెరుగ్గా ఉండేది. లోకానికి అది పెద్ద లెక్క కాకపోవచ్చు. కంప్యూటర్లో నా పేరు పక్కన ఒక అంకె ఉందని మా క్లబ్బులో నాన్న అందరికీ చెప్పుకునేవాడు.

మ్యాచ్ అవగానే నాన్నకి ఫోన్ చేసేదాన్ని. ఆయన నా ప్రొఫెషనల్ మ్యాచ్ ఒక్కటీ చూడలేదు. అందుకే పాయింట్లు పాయింట్లుగా చెప్పించుకునేవాడు. "అప్పుడు ఆ అమ్మాయి ఎక్కడ నిలబడింది? నువ్వెక్కడున్నావు?" అని గుచ్చి గుచ్చి అడిగేవాడు.

సరే, జబ్బు దగ్గరికొస్తాను.

రెండో రోజు మేడ మెట్లు ఎక్కుతుంటే రెయిలింగు పట్టుకోవాల్సి వచ్చింది. తెలిసిన డాక్టరు గారి దగ్గరికి వెళ్తే, ఎక్కువ ప్రాక్టీసు వల్ల అలసిపోయి ఉంటారమ్మా అని విటమిన్ మాత్రలు రాసి, వారం రెస్టు తీసుకోమన్నారు. ఆ మాట నాకూ నచ్చింది. మూడో రోజు పొద్దున టూత్‌పేస్టు మూత తిప్పలేకపోయాను. కింద కూర్చుని కూర తరుగుతున్న అమ్మ పక్కన నేనూ కూర్చున్నాను గాని, మళ్లీ లేవలేకపోయాను. చేతులు నేలకి ఆన్చి లేద్దామంటే చేతుల్లోనూ పట్టు లేదు. అమ్మ నవ్వుతోందనుకుని తలెత్తి చూశాను. నవ్వట్లేదు. కత్తిపీట పక్కకి పెట్టి, "మీ నాన్నని పిలు" అంది. పిలవడానికి నేను లేవాలి. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

ఆ సాయంత్రం నాన్న ఆటోలోకి నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు. రాజమండ్రిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో న్యూరాలజిస్ట్ ఉన్నారు. శ్రీవల్లి గారని, అప్పటికి నలభై ఏళ్లుంటాయి ఆవిడకి. మంచం అంచున కూర్చోబెట్టి, చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు కదల్లేదు. రెండో కాలు, మడమ, మోచెయ్యి. ఎక్కడా ఏమీ లేదు. చివరికి ఆవిడ సుత్తి జేబులో పెట్టుకుని, "ఈమధ్య జ్వరం గాని, విరేచనాలు గాని అయ్యాయా?" అనడిగారు. అయ్యాయన్నాను. ఆవిడ తలాడించారు.

"జీబీఎస్ అని అనుమానంగా ఉందండి. గులియన్ బారీ సిండ్రోమ్. కడుపులో ఇన్ఫెక్షన్ మీద పోరాడిన మీ ఇమ్యూనిటీయే పొరపాటున మీ నరాల మీద పడింది. నరాన్ని కరెంటు తీగ అనుకోండి. పైన తొడుగు ఊడిపోతోంది. లోపలి తీగ బాగుంటే తొడుగు మళ్లీ వస్తుంది."

"నాకు వారం రోజుల్లో టోర్నమెంట్ ఉందండి" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "గట్టిగా ఊపిరి పీల్చి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి."

ముప్ఫై నాలుగు వరకు వచ్చింది.

"ఈ అంకె పడిపోకుండా చూసుకోవాలి మనం. టోర్నమెంట్ సంగతి తర్వాత" అన్నారు.

మర్నాడు నర్వ్ కండక్షన్ స్టడీ చేశారు. కాళ్లకీ చేతులకీ చిన్న చిన్న షాకులిచ్చి నరం ఎంత వేగంగా కబురు మోస్తోందో చూసే పరీక్ష అది. తర్వాత ఎల్‌పీ, అంటే వెన్నులోంచి నీరు తీయడం. "ప్రోటీన్ ఎక్కువుంది, సెల్స్ నార్మల్. అనుకున్నదే" అన్నారు డాక్టర్ గారు. ఐవీఐజీ అనే మందు గాజు సీసాల్లోంచి చుక్క చుక్కగా అయిదు రోజులు ఎక్కించాలన్నారు. క్లబ్బులో ఇరవై ఏళ్లుగా నాన్న చేత ఆడించుకున్న మెంబర్లు చెప్పకుండానే వచ్చి నిలబడ్డారు. రక్తం కావాలా, మందు కావాలా, బండి కావాలా అని అడిగారు. నాన్నకి అప్పటివరకు ఎవరి దగ్గరా కూర్చుని మాట్లాడే అలవాటు లేదు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో వాళ్లే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు.

మందు మొదలైనంత మాత్రాన జబ్బు ఆగలేదు. ఒక్క ఊపిరి లెక్క రెండో రోజుకి ఇరవై ఆరు, తర్వాత పదిహేడు. నీళ్లు మింగుతుంటే ముక్కులోకి వచ్చాయి. ఒక కన్ను పూర్తిగా మూసుకోవట్లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం డాక్టర్ గారు లెక్కపెట్టమంటే పదకొండు దగ్గర ఆగిపోయాను.

"వేణి గారూ, మీ ఊపిరితిత్తులు బాగున్నాయి. వాటిని ఆడించే కండరాలే అలిసిపోయాయి. కొన్నాళ్లు మెషిన్ మీకు ఊపిరి పోస్తుంది. వెంటిలేటర్ అనగానే జనం అంతా అయిపోయిందనుకుంటారు. మీ విషయంలో అది రెస్టు మాత్రమే."

ఆ ఒక్క మాట చెప్పి మరీ ట్యూబ్ వేసినందుకు ఆవిడకి ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. బయట అమ్మకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పేలోపే గోడకి ఆనుకుని కూలబడిపోయిందట.

వెంటిలేటర్ మీద తొమ్మిది రోజులున్నాను. జీబీఎస్‌లో తెలివి తప్పదు. అన్నీ వినిపిస్తాయి, అన్నీ తెలుస్తాయి. దురద పెడుతుంది, గోకలేం. దాహం వేస్తుంది, అడగలేం. ట్యూబ్‌లో కఫం తీయడానికి సక్షన్ పెట్టినప్పుడు మునిగిపోతున్నట్టుంటుంది. నర్సులు అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్ప కొట్టమన్నారు. నా వంట్లో నా మాట వినేది ఆ రెప్పలే. అవీ సగం.

ఐసీయూలోకి రోజుకి ఒక్కరిని, పది నిమిషాలే పంపేవాళ్లు. అమ్మ ఒక్కసారి వచ్చి నా మొహం చూసి నిలబడలేకపోయింది. ఆ తర్వాత రోజూ నాన్నే వచ్చాడు. మొదటి రోజు ఏం మాట్లాడాలో తెలియక మంచం కమ్మీ పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. రెండో రోజు నా చెవి దగ్గరికి వంగి, "ఉజ్బెకిస్తాన్‌లో ఆ సీడెడ్ అమ్మాయితో ఆడావు చూడు, ఆ మ్యాచ్ చెప్పనా?" అన్నాడు.

చెప్పమని రెప్ప కొట్టాను.

చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి సెట్ ఎలా పోయిందో, రెండో సెట్‌లో గాలి ఎటు తిరిగిందో, నేను రిటర్న్‌కి ఒకడుగు ముందుకు జరిగి నిలబడటం ఎప్పుడు మొదలుపెట్టానో. నేనే ఆయనకి ఫోన్లో చెప్పిన మ్యాచ్ అది. మూడేళ్ల కిందటిది. నాకే గుర్తు లేని పాయింట్లు ఆయనకి గుర్తున్నాయి. నా మ్యాచ్‌లు చూసే యోగం నాన్నకి లేకపోయిందని ఏడేళ్లూ బాధపడ్డాను. ఆయన అన్నీ చూశాడని అక్కడ, ఆ మెషిన్ల చప్పుడు మధ్య, తెలిసింది. పది నిమిషాలు అయిపోతే "మిగతాది రేపు" అని వెళ్లిపోయేవాడు. మర్నాడు సరిగ్గా ఆపిన చోటినుంచి అందుకునేవాడు. ఆ రేపు కోసం నేను రాత్రీ పగలూ దాటాను.

మ్యాచ్ పాయింట్ దగ్గరికొచ్చాడు. "అయిదు నాలుగు, నలభై ముప్ఫై. ఆ అమ్మాయి నీ కుడి పక్కకి కొట్టింది. నువ్వు పరిగెత్తి, బ్యాక్‌హ్యాండ్‌తో గీత వెంబడే లాగి కొట్టావు" అన్నాడు.

నాది కుడి చేతి వాటం. కుడి పక్కకొచ్చిన బంతిని బ్యాక్‌హ్యాండ్‌తో ఎలా కొడతాను? రెండుసార్లు రెప్ప కొట్టాను. ఆయనకి అర్థం కాలేదు. "నొప్పా అమ్మా? సిస్టర్ గారూ, ఓసారి చూడండి" అని కంగారు పడ్డాడు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆ బ్యాక్‌హ్యాండ్ నన్ను పీడించింది. తొమ్మిదో రోజు ట్యూబ్ తీశారు. గొంతు ఇసకలా ఉంది. మాట్లాడొద్దన్నారు. నాన్న లోపలికి రాగానే, "ఫోర్‌హ్యాండ్ నాన్నా" అన్నాను.

ఆయనకి ఒక నిమిషం పట్టింది. తర్వాత ఐసీయూ అని కూడా చూడకుండా గట్టిగా నవ్వి, నవ్వుతూనే మొహం తువ్వాలుతో కప్పుకున్నాడు.

ఐసీయూ నుంచి వార్డుకి, వార్డు నుంచి నెలన్నరకి ఇంటికి. అప్పటికి చేతులు భుజం వరకు లేస్తున్నాయి. కాళ్లు నిలబెడితే నిలబడతాయి, నడవవు. పాదాలు వేలాడేవి. ఫుట్ డ్రాప్ అంటారు. వాటికి ప్లాస్టిక్ స్ప్లింట్లు వేశారు. ఇరవై అయిదేళ్ల కూతురికి అమ్మ మళ్లీ స్నానం చేయించింది, జడ వేసింది, చేప ముళ్లు తీసి ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. మొదట్లో సిగ్గేసి ఏడ్చేదాన్ని. "చిన్నప్పుడు నాకు తీరికెక్కడిదే? బుట్టెత్తుకుని పోయేదాన్ని. ఇప్పుడు తినిపించనీ" అంది అమ్మ. ఆ తర్వాత ఏడవలేదు.

ఫిజియోథెరపీకి సుజాత గారు ఇంటికే వచ్చేవారు. ఆవిడది ఆత్రేయపురం. వేళ్లలో పట్టు వచ్చింది గాని సున్నితం రాలేదు. రబ్బరు బంతి పిసకగలను, చొక్కా గుండీ పెట్టుకోలేను. ఒక రోజు ఆవిడ పూతరేకుల కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టారు. నెయ్యీ బెల్లం వెయ్యని ఉత్త రేకులు. "చిరక్కుండా ఒక్కో రేకు విడదీయండి. మా ఊళ్లో ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ చేసే పని ఇది" అన్నారు. మొదటి రోజు అన్నీ నుసి చేశాను. ఆ నుసిలో అమ్మ పంచదార కలిపి అందరికీ పెట్టింది. మూడు వారాలకి ఒక రేకు నిండుగా చేతిలోకి వచ్చింది. గెలిచిన కప్పులు అటక మీద ఉన్నాయి. ఆ రేకుని మాత్రం మేం ముగ్గురం తలో ముక్కా తిన్నాం.

రజని రోజూ ఫోన్ చేసేది. నాలుగో నెలలో ఒకసారి చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి అంది.

"వేణీ, ఒకమ్మాయి డబుల్స్‌కి అడుగుతోంది. నువ్వు వద్దంటే మానేస్తానే."

"పిచ్చిదానా, ఆడు" అన్నాను.

ఆ నెలలోనే వాళ్లు ఒక టైటిల్ గెలిచారు. ఫొటో పంపింది. "సూపర్" అని మెసేజ్ పెట్టి, ఫోన్ బోర్లా పడేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాను. కుళ్లుకున్నానని ఇప్పుడు రాయడానికి నాకు మొహమాటం లేదు. జబ్బు మనల్ని మంచివాళ్లని చేస్తుందని ఎక్కడో చదివాను. నన్నైతే చెయ్యలేదు.

ఆ కోపంతోనే తప్పు చేశాను. ఆరో నెలలో స్ప్లింట్లు లేకుండా ఇంట్లో నడవగలుగుతున్నాను. ఒక రోజు పొద్దున నాన్న వెంట క్లబ్బుకి వెళ్లాను. ఆయన కోర్టుకి నీళ్లు కొట్టడానికి పంపు దగ్గరికి వెళ్లిన అయిదు నిమిషాల్లో, ఎవరికీ చెప్పకుండా రాకెట్టు తీసుకుని బేస్‌లైన్ దగ్గర నిలబడి బంతి పైకి విసిరాను. మునివేళ్ల మీదికి లేవబోయాను. వేళ్లు లేవలేదు. ముందుకి బోర్లా పడ్డాను. ఎడం మణికట్టులో హెయిర్‌లైన్ ఫ్రాక్చర్. ఆ మీదట నాలుగు రోజులు మంచం మీంచి లేవలేనంత నీరసం.

శ్రీవల్లి గారు తిట్టలేదు. ఎక్స్-రే పక్కన పెట్టి, "నరం రోజుకి మిల్లీమీటరు పెరిగితే గొప్ప. మీ నడుం నుంచి కాలి వేళ్ల దాకా ఎన్ని మిల్లీమీటర్లో మీరే కొలుచుకోండి. అలసట వచ్చేవరకు చెయ్యకండి, రాకముందే ఆపండి. మీకు నేర్పిన దానికి ఇది పూర్తిగా ఉల్టా అని తెలుసు" అన్నారు. నిజంగా ఉల్టాయే. ప్రాణం పోయేంత అలిసిపోయాక ఇంకో పది నిమిషాలు ఆడటమే నాకు తెలిసిన చదువు. బాగా ఉన్నప్పుడే ఆపడం నేర్చుకోవడం నాకు జబ్బుకంటే ఎక్కువ కష్టమైంది.

పదిహేను నెలలకి ఒక టోర్నమెంట్ క్వాలిఫయింగ్‌లో ఆడాను. హైదరాబాద్‌లో. ఆడొచ్చని డాక్టర్ గారన్నారు, గెలుస్తారని మాత్రం అనలేదు. నాన్న క్లబ్బులో సెలవు పెట్టి మొదటిసారి నా మ్యాచ్‌కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొదటి వరసలో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అవతల పదిహేడేళ్ల పిల్ల. ఆరు ఒకటి, ఆరు రెండు తేడాతో ఓడిపోయాను. కాళ్లు అన్ని చోట్లకీ వెళ్తున్నాయి, అయితే అర సెకను ఆలస్యంగా. టెన్నిస్‌లో అర సెకను అంటే వేరే ఊరు.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. "ఇక చాలు నాన్నా" అన్నాను.

"సరేనమ్మా. పొద్దున్నే కోర్టుకి నీళ్లు కొట్టాలి. నాకు మెలకువ రాకపోతే లేపు" అన్నాడు.

మర్నాడు అయిదింటికి నేనే లేపాను. ఇద్దరం కలిసి నీళ్లు కొట్టాం.

ఇదంతా జరిగి పదమూడేళ్లయింది. అదే క్లబ్బులో ఇప్పుడు నేను కోచ్‌ని. తణుకు నుంచీ రావులపాలెం నుంచీ కూడా పిల్లలొస్తారు. రజని ఆట మానేసి విశాఖలో ఉంటోంది, ఏడాదికోసారి వచ్చి పిల్లల్ని ఆడిస్తుంది, అమ్మ చేత చేపల పులుసు వండించుకుంటుంది. నాన్న పోయి మూడేళ్లయింది. ఆయన పోయే వారం ముందు వరకూ కోర్టు పక్కన కుర్చీ వేసుకుని పిల్లలకి స్కోరు చెప్పేవాడు. మూడో వంతు తప్పులే. ఎవరూ దిద్దేవారు కాదు. నా ఎడం పాదం వేళ్లకి ఇప్పటికీ సగం స్పర్శే ఉంది. వేసవిలో మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా బయటికి వెళ్లను, కాలినా తెలియదు. ఎక్కువసేపు నిలబడితే కాళ్లు బరువెక్కుతాయి, అప్పుడు కూర్చుంటాను. అంతే.

పోయినేడాది జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మా దగ్గర నేర్చుకునే ఒక పాప తండ్రి రావులపాలెంలో అరటికాయల వ్యాపారం చేస్తారు. పాపని దింపడానికి వచ్చి, కారు దిగుతూ డోరు పట్టుకుని ఆగిపోయారు. "ఏంటండీ?" అన్నాను. "ఏం లేదండి మేడమ్. నాలుగు రోజుల నుంచి అరికాళ్లు తిమ్మిర్లు. గెలలు ఎత్తించేటప్పుడు ఎక్కువసేపు నిలబడ్డాను లెండి" అన్నారు. బెంచీ మీద కూర్చోబెట్టి, చేతులు ఆన్చకుండా లేవమన్నాను. లేవబోయి కాస్త తూలారు. రెండోసారి అడగలేదు. క్లాసు ఆపేసి, నా బండిలో శ్రీవల్లి గారి దగ్గరికి తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆయన, "మేడమ్, మార్కెట్లో లారీ ఆగిపోయిందండి" అని గొణుగుతూనే ఉన్నారు.

ఆయనకి జీబీఎస్ కాదు. బీ ట్వెల్వ్ బాగా తక్కువగా ఉంది, దానికి తోడు షుగరు. రెంటికీ మందులిచ్చారు. రెండు నెలలకి తిమ్మిర్లు తగ్గాయి. ఇప్పటికీ నన్ను చూస్తే, "మేడమ్ గారు నన్ను ఎత్తుకుపోయారండీ" అని అందరికీ చెప్పి నవ్విస్తారు. పండగలకి చక్కెరకేళీ గెల పంపుతారు.

నా అనుమానం తప్పైనందుకు నాకేం చిన్నతనం లేదు. చదువుతున్న మీకూ అదే చెబుతున్నాను. తిమ్మిరి రెండు కాళ్లలోనూ ఒకేసారి మొదలై, కిందనుంచి పైకి పాకుతూ, రోజురోజుకీ బలం తగ్గుతుంటే, కొన్ని వారాల ముందు జ్వరమో విరేచనాలో అయి ఉంటే మరీ ముఖ్యంగా, రేపు చూద్దాం అనుకోకండి. ఆ రోజే న్యూరాలజిస్ట్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. మింగటమో ఊపిరో కష్టమైతే ఒక్క గంట కూడా ఆగకండి. మీ అనుమానం తప్పని తేలితే పోయేది ఒక పూట. నేను మూడు రోజులు బూట్ల మీద నెపం పెట్టి కూర్చున్నాను.